మినపబస్తా కూర్చున్న సీటు

మొన్నామధ్య మా మేనల్లుడు కొత్త కారు కొంటానంటే తోడు వెళ్లాను. షోరూములో కుర్రాడు చాలా మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి, ఏసీ వేసి, పాట పెట్టి, నున్నటి రోడ్డు మీద అటొక కిలోమీటరు ఇటొక కిలోమీటరు తిప్పి తీసుకొచ్చి, "ఎలా ఉంది సార్?" అన్నాడు. మా మేనల్లుడు "అదిరింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఒరే, నువ్వు రోజూ తిరిగేది ఈ రోడ్డు మీదేట్రా? మీ వీధి మలుపులో ఇది తిరుగుతాదా? ఇందులో రోజూ ఎక్కేదెవరు, దిగేదెవరు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాడికి చాదస్తం ముదిరిందనుకుని ఉంటారు.

చాదస్తమే, కాదనను. అది నాకు పట్టుకున్న కథ చెబుతాను. బళ్లు అమ్మే ఉద్యోగంలో ఉన్న చిన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, నవ్వుకోవడానికైనా పనికొస్తుంది. ఇందులో ఎవరి పేర్లూ రాయను. చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు నాతో దెబ్బలాడటానికి వస్తారు.

అరవైల చివర నేను విజయనగరంలో పాత కార్లు అమ్మే షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కూర్చోవాలి. అంత ఓపిక లేనివాళ్లు మా దగ్గరికొచ్చేవారు. నా పని కొనేవాళ్లకి బండి నడిపి చూపించడం. ట్రయల్ అనేవాళ్లం. దానికి మా యజమాని పెట్టిన పద్ధతి ఒకటుండేది. కొనే మనిషి రాకముందే ఇంజను వేడి చేసి పెట్టాలి. కోట పక్క నుంచి కంటోన్మెంటు వైపు చెట్ల నీడన ఉండే మంచి రోడ్డు మీద తిప్పి తేవాలి. నెల్లిమర్ల వైపు మాత్రం, జూటు మిల్లు షిఫ్టు మారే వేళ, చచ్చినా వెళ్లకూడదు. ఆ వేళ రోడ్డంతా సైకిళ్లే. ఆ జనం మధ్య మొదటి గేరులో పాక్కుంటూ పోవాలి. మా బళ్లలో సగం క్లచ్ వాసన కొట్టేవి, తక్కిన సగం ముందు మూతలోంచి ఆవిరి కక్కేవి.

"మిల్లు కూత పడకముందు ఎల్లు, నేదంటే కూత పడిన గంటకి ఎల్లు. మద్దిన ఎల్లావంటే నీ సంగతి సెప్తాను" అనేవాడు మా యజమాని. మనిషి భారీగా ఉండేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ ముక్కు దాటి కిందికి ఎప్పుడూ దిగలేదు. నాకు పెళ్లయితే నా కంటే ముందు తాను ఏడ్చాడు.

షెడ్డులో నాకు గురువు మా మేస్త్రీ. యాభై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, అది వెలిగి ఉండటం నేను చూడలేదు. బండి రిపేరులో ఎంత గట్టివాడో మనుషుల్ని ఆటపట్టించడంలో అంత గట్టివాడు.

ఆ ఏడాది దసరా ముందు కోటబొమ్మాళి నుంచి ఒక షావుకారు గారు వచ్చారు. నువ్వులు, మినుములు, పెసలు కొని అమ్మే పెద్ద దుకాణం ఆయనది. సన్నగా, శుభ్రంగా, తక్కువ మాటలతో ఉండేవారు. నేను మామూలుగా కంటోన్మెంటు వైపు తిప్పి తెచ్చాను. ఆయన దిగి, పంచె సర్దుకుని అన్నారు.

"బండి బాగుందండీ. ఈ రోడ్డు ఇంకా బాగుంది. ఈ రోడ్డు కూడా ఇస్తారేటి?"

మేస్త్రీ బండి కింద పడుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచి ఇకిలింపు వినపడింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. ఆయనకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. ఇనుప ఊచలు, తోలు పట్టీలు కట్టుకుని, చేతికర్రతో నడుస్తుంది. అవి కట్టుకుంటే మోకాలు వంగదు. అలాగే చదువుకుని, ట్రైనింగయి, భావనపాడు పోయే దారిలో ఏడు మైళ్ల దూరంలో ఉన్న ఒక బడిలో టీచరుగా చేరింది. బస్సు మెట్టు ఎత్తు, ఎక్కలేదు. ఎడ్లబండి మీద వెళుతోంది. ఎంత చీకటితో బయలుదేరినా రైలు గేటు దగ్గరో ఇసకలోనో ఆలస్యమై, బడిగంట కొట్టాకే చేరుతోంది. హెడ్మాస్టారు రెండుసార్లు మెత్తగా చెప్పి, మూడోసారి కాగితం రాశారు. దసరా సెలవుల తర్వాత కూడా గంట కొట్టేలోపు రాలేకపోతే ఉద్యోగం వదులుకోవాలని.

"సెలవులయ్యేసరికి బండి తెస్తానని మాటిచ్చానండి. మా దారిలో, మా వేళకి, మా బరువుతో నడిపి సూపించండి. నడిస్తే తీసుకుంటాను. నడవకపోతే ఆ పిల్ల ఇంట్లో కూకుంటాది. నాకదే దిగులు" అన్నారు.

అంతవరకు మమ్మల్ని ఎవరూ అలా అడగలేదు. నాకు పౌరుషం వచ్చేసింది. యజమానిని బతిమాలి, రెండు రోజులు సెలవు తీసుకుని రైలెక్కి కోటబొమ్మాళి వెళ్లాను. షావుకారు గారింటి అరుగు మీద మకాం పెట్టి, ఆ దారంతా ఎడ్లబండి వెనక సైకిలు మీద తిరిగాను. ఒక నోటు పుస్తకం కొని, అందులో అన్నీ రాశాను. రైలు గేటు వేస్తే ఎంతసేపు ఆగాలి, సంతరోజు జనం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంటారు, బండి చక్రాల గాడి ఎంత లోతు, కల్వర్టు దగ్గర గొయ్యి, సముద్రం గాలికి ఇసక పేరుకునే చోటు, అన్నీ.

ఆ రెండు రోజులూ పొద్దున్నే టీచరమ్మ ఎడ్లబండి ఎక్కడం కూడా చూశాను. బండి వెనక పీట ఒకటి వేయించుకుని, వెనక్కి తిరిగి, బండి అంచుకి వీపు ఆనించి, రెండు చేతులూ పలక మీద మోపి, ఒక్క ఊపున పైకి కూర్చునేది. తర్వాత కర్రని పక్కన పెట్టుకుని, కాలిని చేత్తో సర్దుకునేది. ఎవరూ సాయం పట్టేవారు కారు. నేను గడియారం చూసి పుస్తకంలో 'ఎక్కడానికి నాలుగు నిమిషాలు' అని రాసుకున్నాను. కళ్లు ఉండి కూడా చూడలేకపోవడమంటే అది.

తర్వాతి వారం మేస్త్రీ ఒక కారు, నేనొక కారు నడుపుకుంటూ అరవై మైళ్లూ వెళ్లి ఆ ఇంటి ముందు ఆపాం. మేస్త్రీ తెచ్చింది నాలుగు తలుపుల పెద్ద కారు. నేను తెచ్చింది రెండే తలుపులున్న చిన్న విదేశీ కారు. దాన్లో వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు వంచి, ఆ సందులోంచి దూరాలి. ట్రయల్ కావాలనే సంతరోజు పెట్టాను. బడివేళకి, దారిలో ఎక్కడా నాకు అనుకూలం చూసుకోకుండా.

అన్నీ సిద్ధమయ్యాక, "అమ్మాయిగారిని పిలవండి, కూర్చుంటే బరువు సరిపోతుంది" అన్నాను.

షావుకారు గారి తల్లి, అందరూ మామ్మగారనేవారు, గుమ్మంలోంచే అడ్డుకుంది. ఎనభై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం ముప్పై ఏళ్లది. "అదేటి మాటరా! కొబ్బరికాయ కొట్టలేదు, నిమ్మకాయలు తొక్కించలేదు. అమ్మకానికి తిరిగే బండిలో ఇంటి ఆడపిల్ల కూకుంటాదేటి? బండి మనదయ్యాకే ఎక్కుతాది."

ఆ ఇళ్లలో అప్పటి ఆనవాయితీ అది. మా షెడ్డులో కూడా ట్రయల్‌కి ఆడవాళ్లు రావడం నేనెప్పుడూ చూడలేదు. మరి బరువో? ఆ చిక్కు కూడా మామ్మగారే విప్పింది. "దుకాణంలో మినుములున్నాయి గదా. సగం బస్తా కట్టండి. మా గుంట అంతే ఉంటాది."

లోపలి గదిలోంచి నవ్వుతూ ఒక గొంతు వినిపించింది. "అంతకన్నా ఒక కుంచం ఎక్కువే ఉంటాన్లే మామ్మా. నన్ను సన్నం చేసేయకు. ఏటండీ డ్రైవరు గారూ, నా బదులు మినుములా? అయితే ఆ ఉద్యోగం కూడా బస్తాకే ఇప్పించండి."

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఇంకొక కుంచం పోయించి, బస్తా మూతి కట్టి, పుస్తకాల మూట, టిఫిను క్యారియరు తెప్పించి, వెనక సీట్లో పెట్టాను. బస్తా ఏ సందులోంచైనా దూరుతుంది. అటు వంచితే అటు, ఇటు నొక్కితే ఇటు. అది ఆలోచించే తెలివి అప్పుడు నాకు లేదు.

మొదట పెద్ద కారు. సంత జనంలో పాక్కుంటూ పోయి, రైలు గేటు దగ్గర ఆగి, మళ్లీ స్టార్టు చేస్తే గురకపెట్టి ఊరుకుంది. ఎలాగో కదిలించి ఇసకలోకి తెస్తే వెనక చక్రాలు పాతుకుపోయాయి. షావుకారు గారు ముందు సీట్లోంచి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నెట్టారు. బడికి చేరేసరికి గంట కొట్టి చాలాసేపైంది. తర్వాత, ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, చిన్న కారు. తేలికైనది కదా, ఇసక మీద జారుకుంటూ పోయింది. గేటు దగ్గర ఎంతసేపు ఆగినా ఒక్క తాళంతో స్టార్టయింది. బడి గేటు ముందు ఆపి గడియారం చూసి, పట్టిన సమయాన్ని బడివేళకి లెక్కకడితే, గంట కొట్టడానికి ఇంకా పావుగంట మిగిలింది.

షావుకారు గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "మీరు మనిషండీ" అన్నారు. నా జీవితంలో అంతవరకు నేను అంత నిజాయితీగా ట్రయల్ చూపించింది లేదు. మేస్త్రీ కూడా చుట్ట నోట్లోంచి తీసి, "బాగా సేసేవురా బావా" అన్నాడు. వాడికి కులాసాగా ఉంటే నేను బావని, లేకపోతే వెధవని.

దసరా వెళ్లిన శుక్రవారం చిన్న కారుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయలు తొక్కించాను. కొత్త డ్రైవరు కుదిరేదాకా వారం రోజులు నేనే నడుపుతానని ఒప్పుకున్నాను. సోమవారం బడి తెరుస్తారు. ఇంటి ముందు వీధంతా జనం.

టీచరమ్మ కొత్తచీర కట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. ఇరవయ్యారేళ్లుంటాయేమో. చాలా ధీమా ఉన్న మొహం. నేను ముందు సీటు వంచి, "రండమ్మా" అన్నాను.

ఆవిడ ఆ సందు చూసింది. తర్వాత నన్ను చూసింది. తల వంచి లోపలికి దూరబోయింది. వంగని కాలు గుమ్మానికి తగిలి ఆగిపోయింది. పక్కకి తిరిగింది, కుదరలేదు. కర్ర జారి కిందపడింది. షావుకారు గారు పరిగెత్తుకొచ్చి కూతుర్ని చంకల కింద పట్టుకున్నారు. నేను కాళ్లు పట్టుకున్నాను. అటు వంచి, ఇటు నొక్కి, సీట్లోకి చేర్చాం. "హమ్మయ్య" అన్నాను నేను. అవును, ఆ మాట అన్నాను. రైలు గేటు దాకా తిప్పి తీసుకొచ్చి, అలాగే ఎత్తి దింపాం. మామ్మగారు దిష్టి తీసింది. అందరూ మిఠాయిలు తిన్నారు. నేను మూడు తిన్నాను.

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే టీచరమ్మ వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"ఏటమ్మా, బండి బాగుందా?" అన్నాను, మెచ్చుకోలు కోసం.

"బండి బావుందండీ. నేను సోమవారం బడికి వెళ్లను. రాజీనామా రాసి పంపించేస్తాను."

నాకు అర్థం కాలేదు. "గంట కొట్టేలోపు చేరుస్తానమ్మా! పావుగంట ముందే..."

"చేరుస్తారు. బస్తాని చేర్చినట్టే చేరుస్తారు." కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. "నన్నెత్తడానికి మా ఇంట్లో చేతులకి తక్కువేటండీ? పుట్టినకాడ్నుంచీ ఎత్తుతూనే ఉన్నారు. నన్నెవరూ ఎత్తని చోటు ఆ బడి ఒక్కటే. ఎడ్లబండిలో ఆలస్యంగా వెళ్లినా నా అంతట నేను దిగుతాను. పిల్లలు నా పక్కనే మెల్లగా నడుస్తారు. ఇప్పుడు బడి గేటు ముందు ఇద్దరు మగాళ్లు నన్ను బండిలోంచి లాగి నిలబెడితే, ఆ పిల్లలు చూస్తే, నేను బోర్డు ముందు ఎలా నిలబడతానండీ? మా నాన్నకి ఇది చెప్పలేను. ఎంత ఆశగా తెచ్చేరో మీరూ చూశారు కదా."

నోటు పుస్తకం నా చొక్కా జేబులోనే ఉంది. అందులో రోడ్డంతా ఉంది. గొయ్యి, గేటు, ఇసక, సంత, అన్నీ ఉన్నాయి. ఆవిడ లేదు. నేను అంత సిగ్గుపడింది అంతకుముందు లేదు, తర్వాత లేదు.

పుస్తకం తీసి, "చెప్పండమ్మా. మొదటి నుంచి చెప్పండి. నిద్ర లేచినకాడ్నుంచి" అన్నాను.

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత చెప్పింది. పొద్దున్న కాలు ఎలా ఉంటుందో, సాయంత్రం ఎలా ఉంటుందో, ఏ చేతికి బలం ఉందో, ఎంత ఎత్తయితే కూర్చోగలదో, వానపడితే కర్ర ఎక్కడ జారుతుందో. అన్నీ రాశాను. చివర ఒకటి అంది. "లోపల్నుంచి తలుపు నేనే తీసుకోవాలండీ. ఇందాక చూశాను, ఆ పిడి బిగుసుకుపోయుంది."

షావుకారు గారితో బండిలో చిన్న పని ఉందని మాత్రం చెప్పి, శనివారం తెల్లారేసరికి కారు తీసుకుని విజయనగరం బయలుదేరాను. షెడ్డులోకి వచ్చేసరికి యజమాని లేడు. మేస్త్రీకి చెప్పాను. వాడు ఆటపట్టించలేదు. "ముందు సీటు తలుపు ఎడల్పు కదరా. ముందు కూకోబెడితే?" అన్నాడు. నాకూ అదే తోచింది. కానీ తోచడం వేరు. ఈసారి బస్తాతో చూడదలుచుకోలేదు.

"నా కాలు కట్టెయ్" అన్నాను.

మేస్త్రీ రెండు పొడుగాటి ఇనుప ఊచలు తెచ్చి, నా ఎడమకాలికి అటొకటి ఇటొకటి పెట్టి తాళ్లతో బిగించాడు. మోకాలు వంగలేదు. ముందు తలుపు తీసి, మామూలుగా కాలు లోపల పెట్టబోయి, వెల్లకిలా పడ్డాను. రెండోసారి తల పైకప్పుకి కొట్టుకుంది. మూడోసారి కూర్చున్నాను కానీ కాలు బయటే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ ఎడ్లబండి ఎక్కే తీరు. వెనక్కి తిరిగాను. సీటుకి వీపు పెట్టి, చేతులు మోపి, ముందు కూర్చున్నాను. తర్వాత కుడికాలు లోపలికి తెచ్చి, ఎడమకాలిని చేత్తో ఎత్తి తిప్పాను. ఇంకో జానెడు చోటుంటే లోపలికి వచ్చేసేది.

అదే సమయానికి యజమాని వచ్చాడు. అమ్మిన బండి మళ్లీ షెడ్డులో ఉంది. నేను కాలికి ఊచలు కట్టుకుని అందులో ఇరుక్కుని ఉన్నాను.

"ఏట్రా ఇది? నాటకాలాడతన్నారేటి? అమ్మేసిన బండి ఎందుకు తెచ్చేవు?" అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచాడు. సంగతంతా చెప్పాను. నమ్మలేదు. "ముందు సీట్లో కూకోడానికి ఇంత కతేట్రా! జరుగు, నాను సూపిస్తాను" అని తన కాలికి ఊచలు కట్టించుకున్నాడు. ఆయన శరీరం సంగతి ముందే చెప్పాను. సగం లోపలికి వెళ్లి ఆగిపోయాడు. ముందుకీ రాడు, వెనక్కీ రాడు. మేస్త్రీ చంకల కింద పట్టుకుంటే, నేను నడుం పట్టుకుని లాగాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బయటికొచ్చి, రొప్పుతూ నేల మీదే కూర్చుండిపోయాడు.

"మీరిద్దరూ నా మనుసులే గదరా. అయినా మీరలగ లాగతంటే నాకు సిగ్గేసింది" అన్నాడు నెమ్మదిగా. తర్వాత వెంటనే మామూలు గొంతులోకి వచ్చేశాడు. "ఇంకా సూస్తన్నారేటి? ఆ సీటు ఎనక్కి తొయ్యండి. ఆదోరం పొద్దుకి ఈ బండి ఆలింటికాడ ఉండాల. నేదంటే ఇద్దరికీ ఈపులు పగిలిపోతాయి."

మేస్త్రీ ముందు సీటు పట్టాలకి కొత్త కంతలు పెట్టి జానెడు వెనక్కి జరిపాడు. కింద చెక్కలు వేసి, టీచరమ్మ చెప్పిన ఎత్తుకి లేపాడు. వాడి తోడల్లుడు నెల్లిమర్ల మిల్లులో పని. అక్కణ్ణుంచి యంత్రాలు తిప్పే, అరిగిపోయిన తోలు పట్టా ముక్క ఒకటి తెప్పించి, తలుపు పైన పట్టుకోడానికి బిగించాడు. తలుపు పిడి విప్పి, నూనె వేసి, చిటికెన వేలితో తెరుచుకునేదాకా వదల్లేదు. సీటు వెనక్కి జరిగితే వెనక సీటు దాదాపు పోయింది. పోతే పోయింది.

ఆదివారం పొద్దున్న ఆ పెరట్లో రెండో ట్రయల్ జరిగింది. పెట్టింది టీచరమ్మ. నేను దూరంగా నిలబడాలన్నది మొదటి షరతు. వెనక్కి తిరిగింది, కూర్చుంది, పట్టా పట్టుకుని తిరిగింది, కాలు లోపలికి తెచ్చుకుంది. తలుపు వేసుకుంది. లోపల్నుంచి తీసుకుంది, కర్ర మోపింది, లేచింది. మళ్లీ ఎక్కింది. ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. షావుకారు గారు మొదటిసారి సాయం పట్టబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయారు. తర్వాత మెల్లగా లోపలికెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. ఆయనకి అప్పుడు అర్థమైందని నాకు అర్థమైంది.

అంతా సవ్యంగా ఉందనుకుంటే మామ్మగారు అందుకుంది. "డ్రైవరు పక్కన కూకుంటాదా? పెళ్లికాని పిల్ల! ఒరే, నీకు పెళ్లయిందా?"

"అయింది మామ్మా. ఇద్దరు పిల్లలు."

"అయితే మరీ సెడ్డ."

ఎవరు చెప్పినా వినలేదు. చివరికి మనవరాలే, "అయితే నువ్వు కాపలా రా మామ్మా. వెనకాల చోటుంది" అంది. అది చోటు కాదు, రెండు గుమ్మడికాయలు పట్టే సందు. మామ్మగారు చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, ఆ సందులోంచి అవలీలగా దూరి కూర్చుంది. కాపలా వారం రోజులే అంది. కొత్త డ్రైవరు వచ్చాక కూడా ఆవిడ ఆ సీటు వదల్లేదని, దారిలో ఎండుచేపలమ్మే వాళ్లందరితో స్నేహం చేసిందని తర్వాత షావుకారు గారే చెప్పారు. ఆ తర్వాత నేను ఎన్నో చోట్ల పనిచేశాను. బండి తాళం ఇచ్చే ముందు ఇందులో ఎవరెక్కుతారు, వాళ్లని ఒకసారి తీసుకురండి అని అడక్కుండా ఒక్కటీ అమ్మలేదు. కొన్ని బేరాలు అందువల్లే పోయాయి. ఆ షెడ్డులో ఉన్నన్నాళ్లూ మా యజమాని తిట్టాడు కానీ మానమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

సోమవారం సంగతి మిగిలింది. సంత లేదు, గేటు పడింది, ఇసక మామూలే. దారి పొడవునా మామ్మగారు మాట్లాడుతూనే ఉంది. టీచరమ్మ పట్టా ముక్క గట్టిగా పట్టుకుని కూర్చుంది. బడి గేటు ముందు ఆపేసరికి పిల్లలు చుట్టూ మూగారు. వరండాలో హెడ్మాస్టారు చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. నాకు తెలియకుండానే నా చెయ్యి నా వైపు తలుపు మీదికి వెళ్లింది. దిగి, అటు తిరిగి వెళ్లి, తలుపు తీసి, చెయ్యి అందించాలని.

"మీరు కూర్చోండి" అంది టీచరమ్మ, నా వైపు చూడకుండా.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ తలుపు తీసుకుంది. ముందు కర్ర బయటికి పెట్టింది. తర్వాత కాలిని తెచ్చుకుంది. మొదటిసారి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. వెనక మామ్మగారు ముందు సీటు పట్టుకుని ముందుకి వంగింది. రెండోసారి లేచింది. నిలబడింది. చీర సర్దుకుంది. పుస్తకాల మూట తీసి చంకన పెట్టుకుని తలుపు వేసింది. పిల్లలు దారి ఇచ్చి, ఆవిడ పక్కనే, ఆవిడ అడుగులతో నడవడం మొదలుపెట్టారు. వరండా దాకా చేరి, హెడ్మాస్టారికి నమస్కారం పెట్టింది. అప్పుడు గంట కొట్టారు.

ఇంత ఉద్యోగం చేశాను. ఎన్నో బళ్లు నడిపాను, బాగుచేశాను, అమ్మాను. వాటిలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే, ఆ పొద్దున్న ఆ కాసేపు స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చోవడమే అని చెబుతాను.